మంచుదేశంలో టమోటా పందిరి

మాది మదనపల్లె దగ్గర టమోటా పండించే ఇల్లు. అలాస్కాలో కూడా టమోటా పండిస్తారనీ, దానికి అక్కడి ప్రభుత్వం సాయం చేస్తుందనీ చదివినపుడు నాకే నమ్మబుద్ధి కాలేదు. మా నాయనకు చెబితే, "మంచులో టమోటా యాడ కాస్తాదిరా అబ్బోడా?" అని నవ్వినాడు. ఎలా కాస్తుందో, దానికి సర్కారు ఎందుకు డబ్బిస్తుందో నాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తాను.

అలాస్కా అమెరికా దేశానికి వాయవ్యపు కొస. ఆర్థిక మాంద్యంలో చితికిపోయిన 203 రైతు కుటుంబాలను 1935లో ప్రభుత్వం మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగన్ రాష్ట్రాల నుంచి అక్కడి మటనుస్కా లోయకు తరలించింది. ఆ లోయలో క్యాబేజీ, బంగాళాదుంప బ్రహ్మాండంగా పండుతాయి. 2012లో పామర్ పట్టణపు సంతలో ఒక్క క్యాబేజీ 62 కిలోల పైచిలుకు తూగింది! కారణం వెలుతురే. జూన్ నెలలో ఫెయిర్‌బాంక్స్ పట్టణంలో సూర్యుడు రోజుకు దాదాపు 22 గంటలు కనబడతాడు.

వెలుతురుకు కరువు లేదు, కరువంతా వేడిమికే. వేసవిలోనూ నేల చల్లగానే ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పడిపోతే టమోటా పూత సరిగా నిలవదు.

దీనికి వాళ్లు కనుగొన్న ఉపాయం 'హై టనెల్'. ఇనుప గొట్టాలను విల్లులా వంచి నేలలో పాతి, పైన పాలిథీన్ పట్టా కప్పుతారు. మనిషి నిలబడి తిరిగేంత ఎత్తుంటుంది. మామూలుగా లోపల పొయ్యి గానీ హీటరు గానీ ఉండదు. మొక్క కుండీలో కాదు, నేలలోనే పెరుగుతుంది. సూర్యకిరణాలు పట్టాగుండా దిగి నేలను వేడిచేస్తాయి, నేల గాలిని వేడిచేస్తుంది. బయట అయితే వేడెక్కిన గాలి పైకి లేచిపోతుంది. ఇక్కడ పట్టా దానిని పోనివ్వదు. అద్దాల ఇల్లు వెచ్చగా ఉండటానికి ముఖ్యకారణం గాలి కదలిక ఆగిపోవడమేనని ఆర్. డబ్ల్యు. వుడ్ అనే భౌతికశాస్త్రవేత్త 1909లోనే చిన్న ప్రయోగంతో చూపించాడు. ఈ పందిరి వలన రైతుకు వసంతంలోనూ శరత్తులోనూ కొన్ని వారాల పంటకాలం కలిసివస్తుంది.

సరే, ప్లాస్టిక్ పందిరికీ ప్రకృతి సంరక్షణ నిధికీ సంబంధమేమిటి? దుమ్ము తుపానులు అమెరికా మైదానాల పైమట్టిని ఎగరగొట్టిన రోజుల్లో, 1935లోనే, నేల సంరక్షణకని అక్కడ ఒక ప్రభుత్వ సంస్థ పుట్టింది. 1994లో దాని పేరు 'నాచురల్ రిసోర్సెస్ కన్సర్వేషన్ సర్వీస్' అయింది. 1996 వ్యవసాయ చట్టంతో వచ్చిన 'ఈక్విప్' అనే పథకాన్ని ఆ సంస్థే నడుపుతుంది. 2009 డిసెంబరులో ప్రయోగాత్మకంగా హై టనెళ్లను కూడా ఇందులో చేర్చారు. పందిరి కింద వానదెబ్బకు ఎరువు కొట్టుకుపోదు, డ్రిప్పుతో నీరు ఆదా అవుతుంది, తడి తగలని ఆకుకు తెగుళ్లు తక్కువ. అయితే వాన పడనిచోట నేలలో ఉప్పు పేరుకోవచ్చు, మంచు బరువుకు పందిరే కూలవచ్చు. ఇవన్నీ చూసుకోవాలి. అలాస్కాలో హోమర్ పట్టణం చుట్టుపక్కల ఇలాంటి పందిళ్లు చాలా లేచాయి.

ఈ పథకం కింద అంచనా ఖర్చులో గరిష్ఠంగా నూటికి 75 వంతులు, కొత్తగా సేద్యంలోకి వచ్చినవారికీ తక్కువ ఆదాయం కలవారికీ 90 వంతుల దాకా ఇవ్వవచ్చు. వినడానికి ఎంతో బాగుంది. కాని మామూలు పద్ధతిలో రైతు ముందు ఒప్పందం చేసుకుని, సొంత డబ్బుతో పని పూర్తిచేసి, తనిఖీ అయిన తరువాతే సొమ్ము అందుకోవాలి.

ఇక్కడే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట నాయన నారు పెంచడానికి షేడ్‌నెట్ వేసినాడు. వాళ్లది చలి బాధ, మాది ఎండ బాధ, అంతే తేడా. ఖర్చు రెండు లక్షలు, అందులో సగం సబ్సిడీ. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టినాడు. సబ్సిడీ లక్ష చేతికి రావడానికి పదహారు నెలలు పట్టింది. ఆ లక్ష మీద వడ్డీయే 32 వేలు! కాగితం మీద సగం సబ్సిడీ, ఇంట్లో మూడోవంతుకు కాస్త ఎక్కువ.

ధనిక దేశంలోనూ ఈ బెడద తప్పలేదు. 2022లో అమెరికా చేసిన చట్టం వ్యవసాయ సంరక్షణ పథకాలకు సుమారు 1,950 కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చింది. 2025 జనవరిలో ఆ నిధుల చెల్లింపు నిలిపివేయడంతో, ఒప్పందాన్ని నమ్మి ముందే ఖర్చుపెట్టిన రైతులు దిక్కులు చూశారు. ఫిబ్రవరి నెలాఖరుకు గానీ విడుదల మొదలుకాలేదు.

అయినా వారి చట్టంలో మనం నేర్చుకోదగ్గది ఒకటుంది. 2018 వ్యవసాయ చట్టం ప్రకారం, కొత్త రైతులకూ తక్కువ ఆదాయం కలవారికీ కనీసం సగం సొమ్మును ముందుగానే తీసుకునే అవకాశం ఇవ్వాలి. దానిని 90 రోజులలో ఖర్చుచేయాలి. సాయం విలువను శాతంతోనే కాదు, తేదీతో కూడా కొలవాలని నాకు తోస్తుంది. మన కళాశాల నుంచి రేపు వ్యవసాయ శాఖలోనో బ్యాంకులోనో చేరబోయే మిత్రులు ఈ మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇదంతా నాయనకు చెప్పినాను. హై టనెల్ సంగతి శ్రద్ధగా విన్నాడు. శాతాలు విని తల ఊపినాడు. ఆఖరుకు ఆయన అడిగింది ఒక్కటే: "అది సరేరా, దుడ్లు ఎప్పుడిస్తారంట?"