పారవేసిన చేయి, తయారుచేసిన చేయి



దుబారా అనగానే మన దృష్టి విందులో మిగిలిన బిర్యానీ మీదికి, వుజూ చేస్తూ కట్టేయని కొళాయి మీదికి పోతుంది. పోవలసిందే. కానీ వస్తువు మన చేతికి రాకముందే, దాని రూపకల్పనలోనే దుబారా ఉంటే ఆ లెక్క ఎవరి ఖాతాలో రాయాలి?

గోలీ సోడా సీసాను తలచుకోండి. 1870లలో ఇంగ్లండులో హైరమ్ కాడ్ రూపొందించిన నమూనా అది. లోపలి వాయువే గాజు గోలీని పైకి నెట్టి మూతగా బిగిస్తుంది. పారవేయడానికి విడి మూత కూడా లేదు. తాగినవారు సీసాను అంగడిలోనే వదిలి వెళ్తారు. అది సోడా తయారీదారుని సొత్తు; పగిలితే నష్టం ఆయనదే. కనుక వందసార్లు కడిగినా తట్టుకొనే సీసాను ఆయనే కోరుకుంటాడు.

ఇక షాంపూ పొట్లం. పాలియెస్టర్, అల్యూమినియం, పాలిథీన్ పొరలను విడదీయరాకుండా అతికిస్తారు. గాలి, తేమ చొరకుండా సరుకును కాపాడే నేర్పు అందులో ఉంది, కాదనము. అయితే ఆ పొరలను వేరుచేయడం గిట్టుబాటు కాదు గనుక చెత్త ఏరుకొని బ్రతికేవారు సైతం దాన్ని ముట్టరు. అది మురుగుకాలువకు చేరుతుంది. సీసా కొనే స్తోమత లేక పొట్లం కొన్న కూలీని మందలించడం సులువు. ఆ పొరలను ఎంచుకొన్నది అతడు కాదు.

వాడకం ముగిశాక కూడా వస్తువు భారం ఉత్పత్తిదారునిదేనన్న సూత్రాన్ని 1990లో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ ప్రతిపాదించారు. మరుసటి ఏడే జర్మనీ దాన్ని ప్యాకింగ్ సామగ్రికి చట్టంగా వర్తింపజేసింది. మన దేశంలో 2016 నిబంధనల్లోనూ ఈ బాధ్యత ఉంది. 2022 మార్గదర్శకాల ప్రకారం, 2023-24 నుండి కంపెనీలు తాము మార్కెట్లోకి వదిలే ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు 100 శాతం లెక్క చెప్పాలి. అయితే ఇతరులు చేసిన రీసైక్లింగ్‌కు వచ్చిన ధ్రువపత్రాలు కొని లెక్క సరిచేసుకోవచ్చు. రీసైక్లింగ్‌కు పనికిరానిదాన్ని సిమెంటు బట్టీల్లో కాల్చవచ్చు. పొట్లం మాత్రం పాత రూపంలోనే మళ్లీ అంగడికెక్కుతుంది. మా దృష్టిలో ఇది సగం దారి మాత్రమే.

సరుకులోని లోపాన్ని దాచి అమ్మరాదని మన వర్తకులకు తెలుసు. వాడిన మరుక్షణం ఎవరికీ కొరగాకుండా పోవడం కూడా లోపమే కదా! మనలో మసాలాలు, పచ్చళ్లు తయారుచేసి అమ్మేవారున్నారు. ఈసారి ప్యాకెట్లకు ఆర్డరు ఇచ్చేటప్పుడు, ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసినవి ఉన్నాయా, ధరలో తేడా ఎంత అని అడగండి. కిరాణా వర్తకులు పప్పులను, సబ్బు పొడిని కొనుగోలుదారులు తెచ్చుకొన్న డబ్బాలోనే తూచి ఇవ్వవచ్చు. డబ్బా బరువు తీసివేసి.