హ్యూస్టన్ పిచర్ల పెద్దాయన

బ్రెంట్ స్ట్రోమ్ ఆటగాడిగా మిగిల్చుకున్న లెక్క చిన్నదే. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఐదు సీజన్లు. 22 గెలుపులు, 39 ఓటములు. కాలేజీ రోజులు అలా లేవు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1968లోనూ 1970లోనూ జాతీయ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఈ ఎడమచేతి వాటం పిచర్ ఉన్నాడు.

క్రికెట్‌లో మోచేయి వంచి విసిరితే నోబాల్. బేస్‌బాల్ పిచర్ చేసేదే అది. మోచేయి వంచి, కొరడా ఝళిపించినట్టు విసరాలి. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతి నేలను తాకకుండా వెళ్లాలి. ఆ ఒత్తిడి మోచేతి లోపలివైపు లిగమెంట్ మీద పడుతుంది. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కు అది తెగితే, డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని రెండో ముంజేతి నుంచి తీసిన నరంలాంటి పోగును అక్కడ అమర్చారు. అదే శస్త్రచికిత్స రెండోసారి జరిగింది స్ట్రోమ్‌కే, 1978లో. టామీ జాన్ తిరిగొచ్చి మరో 164 మ్యాచ్‌లు గెలిచాడు. స్ట్రోమ్‌కు మేజర్ లీగ్ మళ్లీ దక్కలేదు.

కోచ్‌గానూ తొలి అడుగులు తడబడ్డాయి. హ్యూస్టన్‌లో 1996 ఒక్క సీజన్, ఆ తర్వాత కాన్సస్ సిటీలో కొద్దికాలం. మిగతా ఏళ్లలో ఎక్కువ భాగం కింది స్థాయి జట్ల కుర్రాళ్ల మధ్యే గడిచింది. 2014 సీజన్‌కు హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్ల కోచ్‌గా మళ్లీ పిలిచేసరికి ఆయనకు 65 ఏళ్లు. చాలామంది పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చునే వయసు!

అసలు కథ అక్కడ మొదలైంది. బంతి కిందికి వెయ్యి, బ్యాటర్ నేలబారుగా కొడతాడు అన్నది తరాలుగా పిచర్లకు నూరిపోసిన సూత్రం. గెరిట్ కోల్ పిట్స్‌బర్గ్‌లో అలాగే కిందికి వాలే సింకర్లు వేసేవాడు. 2018లో హ్యూస్టన్‌కు వచ్చాక వాటిని దాదాపు వదిలేసి, వేగమైన బంతిని బ్యాటర్ ఛాతీ ఎత్తున సంధించాడు. బ్యాటర్‌ను బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేసే స్ట్రైకౌట్లు 2017లో 196 ఉంటే, మరుసటి ఏడాది 276కి, 2019లో 326కి చేరాయి. అలాగని స్ట్రోమ్ అందరికీ ఒకే మందు రాయలేదు. అంత వేగం లేని డాలస్ కైకెల్ బంతిని కిందనే ఉంచి, 2015లో 20 మ్యాచ్‌లు గెలిచి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. ఎవరి చేతిలో ఏముందో చూసి చెప్పడం, చిన్నప్పుడు తాను నేర్చిన సూత్రాన్నైనా పక్కన పెట్టగలగడం: ఆయన గొప్పతనం ఇదే.

2017లో ఆస్ట్రోస్ మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. ఏ బంతి వేయాలో చెప్పే ప్రత్యర్థుల సంకేతాలను కెమెరాతో దొంగిలించారన్న మచ్చ ఆ విజయం మీద ఉంది. దాని లాభం పొందింది బ్యాటర్లు, పిచర్లు కాదు.

2021 సీజన్ తర్వాత స్ట్రోమ్ హ్యూస్టన్ వదిలి అరిజోనా జట్టుకు వెళ్లారు. 2023లో ఆ జట్టూ వరల్డ్ సిరీస్ చేరింది. ఆ పోటీ మొదలయ్యే నాటికి ఆయనకు 75 నిండి రెండు వారాలు కూడా కాలేదు.