సముద్రానికి గట్లు ఎవరు వేస్తారు?

పిల్లలూ, పొలానికి గట్టుంది, ఇంటికి ప్రహరీ ఉంది. మరి సముద్రానికో? విశాఖ బీచ్‌లో నిలబడి చూస్తే అన్నీ ఖాళీ నీళ్లే అనిపిస్తుంది. నిజానికి అక్కడ మహా రద్దీ! రేవులోకి వంతు కోసం లంగరేసుకున్న ఓడలు, నేవీ వాళ్ల విన్యాసాలు, మరబోట్లు, తెప్పలు, గుడ్లు పెట్టడానికి ఒడ్డు వెతుక్కునే తాబేళ్లు.

పాతకాలపు మండువా ఇంట్లో వసారా ఒక్కటే. పొద్దున వడియాలు, మధ్యాహ్నం పేకాట, రాత్రి పడకలు. ఎవరికి ఏ మూల, ఏ వేళ అన్నది నాయనమ్మ చూసుకునేది. సముద్రానికీ అలాంటి పెద్దరికం కావాలి. కొంత ఉంది కూడా. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు సంప్రదాయ పడవలవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట బంద్. కాగితం మీద బాగానే ఉంది. నీళ్ల మీద గీత కనపడదే! చేపల గుంపును చుట్టుముట్టి పట్టే రింగు వలల విషయంలో విశాఖ మత్స్యకారులు తమలో తాము ఎంతగా తగువులాడుకున్నారో పేపర్లలో వచ్చింది.

గీత ఎక్కడ గీయాలో తెలిస్తే ఏం జరుగుతుందో అమెరికాలో బోస్టన్ రేవు దగ్గర చూడాలి. అక్కడి ఓడల దారి స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే మెరక మీదుగా పోయేది. తిమింగలాలు మేత మేసేదీ అక్కడే. ఓడ గుద్దితే అంత పెద్ద జంతువూ చాలాసార్లు బతకదు. శాస్త్రవేత్తలు పాతికేళ్లుగా తిమింగలాలు కనబడ్డ చోట్లన్నీ పటం మీద చుక్కలు పెట్టారు. కిటుకు సముద్రపు అడుగున బయటపడింది. శాండ్ లాన్స్ అని సన్నగా, జానెడు పొడవుండే చేప. రాత్రయితే తల ముందు పెట్టి ఇసుకలోకి దూరిపోతుంది. బురదలో దానికి కుదరదు. కాబట్టి ఇసుక ఉన్నచోట ఆ చేప, ఆ చేప ఉన్నచోట దాన్ని తినే హంప్‌బ్యాక్ తిమింగలం! నీటి పైన ఎవరు తిరగాలో అడుగున ఉన్న ఇసుక రేణువు తేల్చేస్తోందన్న మాట. నాకైతే ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

2007 జులైలో ఓడల దారిని 12 డిగ్రీలు ఉత్తరంగా తిప్పి, తిమింగలాలు తక్కువ తిరిగే చోటికి జరిపారు. ఢీకొనే ప్రమాదం తిమింగలాలన్నిటికీ కలిపి 81 శాతం, బాగా అరుదైన రైట్ వేల్‌కి 58 శాతం తగ్గుతుందని లెక్క తేలింది. ఓడకి అదనంగా పట్టేది 10 నుంచి 22 నిమిషాలు. అంతే!

అయితే ఒక మెలిక ఉంది. పెద్ద ఓడలో ఉండే యంత్రం తానెక్కడున్నదీ ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది, దాని దారి దానంతటదే పటమెక్కుతుంది. తెప్పకి ఆ యంత్రమేదీ? తాతల నాటి నుంచి వల వేస్తున్న చోటు కూడా పటంలో ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ అనుకుని ఇంకెవరికో రాసిచ్చేస్తే? అందుకే నా మట్టుకు జాలరి చెప్పిన చోట్లను ముందు గుర్తించి, మిగతావాళ్ల గీతలు ఆ తర్వాతే గీయాలంటాను.

తీరం వెంట ఏ చోటు దేనికో చూపే తీర ప్రాంత నియంత్రణ మండలం ముసాయిదా పటాలను ఖరారు చేసేముందు జనం మాట వినాలని మన నిబంధనల్లోనే ఉంది. మీలో ఎవరిదైనా తీరపు ఊరైతే, ఆ పటం అడిగి తెప్పించుకోండి. చేపలు ఆరబెట్టే చోటు, పడవలు ఒడ్డెక్కించే చోటు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే గడువులోగా అభ్యంతరం రాసివ్వండి.