తుఫాను తీరము దాటు చోటు

నవంబరు నెలలో బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదని వినగానే కోనసీమ రైతు కోతకు వచ్చిన వరిని తలచుకొని దిగులుపడును. కడప రైతు ఎండిన చెరువును తలచుకొని ఆశపడును. సముద్రతీరమే లేని కడప జిల్లాకు తుఫాను ఎచ్చట తీరము దాటిన నేమి అని విద్యార్థులు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే.

మన అర్ధగోళమున తుఫాను గాలులు గడియారపు ముల్లునకు ఎదురు దిశలో తిరుగును. అందుచే కేంద్రమునకు ఉత్తరమున తూర్పుగాలి వీచును. వాయుగుండము చెన్నై వద్ద తీరము దాటినచో నెల్లూరు, కడప ప్రాంతములు దానికి ఉత్తరమున నుండును. సముద్రపు తేమను మోసికొనివచ్చిన గాలి వెలికొండలను, పాలకొండలను, శేషాచలమును తాకి పైకెగసి, చల్లబడి, కుండపోతగా కురియును. అదియే మచిలీపట్నము వద్ద దాటినచో కడపకు వచ్చునది చాలవరకు భూమి మీదుగా సాగిన పొడిగాలి. మబ్బు కమ్మును గాని మడి తడవదు. గాలికి వీపు చూపి నిలిచినచో కేంద్రము ఎడమచేతి వైపున నుండునను పాత సూత్రమును ఉపాధ్యాయులు బడి ఆవరణలోనే చూపవచ్చును.

ఇక ఆ చోటును ముందుగా చెప్పుట యెట్లు? ఏటిలోని సుడి ప్రవాహముతో కొట్టుకొనిపోవునట్లు, ఎత్తున వీచు గాలులు తుఫానును నడిపించును. ఆ గాలులు కొంచెము మారినను దారి మారును. 1977 నవంబరులో ఒక తుఫాను 12వ తేదీన నాగపట్టణమును తాకగా, వారము తిరుగగానే 19న మరియొకటి దివిసీమను ముంచినది. నేడు ఉపగ్రహములు, రాడారులు, గణనయంత్రములు ఉన్నవి. అట్లాంటికు తుఫానులలోనికి అమెరికావారు విమానములనే పంపుదురు. అయినను పటముపై గీయునది ఒక్క గీత కాదు, ముందుకు పోయినకొలది వెడల్పగు శంకువు. జనులు మాత్రము నడిమి గీతనే చూతురు!

రాయలసీమకు ఈ శంకువు సగము సమాధానమే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచినప్పుడు తుఫానే లేదు. అది అల్పపీడనపు వాన. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై సమీపమున తీరము దాటినదియు వాయుగుండమే. పేరు పెట్టదగినంత గాలి దానికి లేదు. కాని దాని వాన కొండలపై కురిసి పించా, బాహుదా నదులను ఏకము చేసి చెయ్యేటిలోనికి దింపినది. పైనున్న పించా కట్ట తెగినది. ఆ ఉదయమే రాజంపేట వద్ద అన్నమయ్య జలాశయపు మట్టికట్టయు తెగిపోయినది. దాటు చోటు తెలిసినను, ఏ గంటకు ఎంత నీరు తమ మీదికి వచ్చునో పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట వాసులకు చెప్పిన పటము లేదు. ఎందరో కొట్టుకొనిపోయిరి. నీరు తీసిన తరువాత పొలములలో మిగిలినది ఇసుక మేట. వానకై ఎదురుచూచిన రైతు మడి దున్నుటకు ముందు ఇసుకను ఎత్తిపోయవలసి వచ్చినది.