ఆస్ట్రోశాట్: ఒకే తారను ఒకేసారి పలు కాంతుల్లో

పూర్తిగా ఖగోళ పరిశోధన కోసమే భారతదేశం నిర్మించుకున్న తొలి ఉపగ్రహం ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబరు 28 ఉదయం 10 గంటలకు శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్‌వీ-సీ30 రాకెట్ దాన్ని 650 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో నిలిపింది. బరువు 1,500 కిలోల పైచిలుకు. హబుల్ టెలిస్కోపు అద్దం వ్యాసం 2.4 మీటర్లయితే, ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు అద్దం 38 సెంటీమీటర్లే. అయినా హబుల్‌కు చిక్కని ఒక కాంతిని ఇది పట్టుకుంది. దాని బలమంతా పరికరాల కూర్పులో ఉంది.

కృష్ణబిలంలోకి జారే వాయువు ముందు దాని చుట్టూ చక్రంలా తిరుగుతుంది. ఆ చక్రం లోపలి అంచు విపరీతంగా వేడెక్కి ఎక్స్-కిరణాలు వెలువరిస్తే, అంత వేడి లేని వెలుపలి భాగం నుంచి అతినీలలోహిత కాంతి వస్తుంది. ఈ వెలుగులు నిలకడగా ఉండవు. కొన్ని తారల్లో సెకన్లలోనే ఎగసి పడిపోతాయి. ఒక టెలిస్కోపు ఈ రోజు ఎక్స్-కిరణాలను, మరొకటి వచ్చే వారం అతినీలలోహితాన్ని కొలిస్తే ఆ రెండింటికీ సంబంధం ఏమిటో తేల్చడం కష్టం. ఆస్ట్రోశాట్‌లో నాలుగు పరికరాలు ఒకే దిశలో బిగించి ఉంటాయి. దృశ్యకాంతి నుంచి అధికశక్తి ఎక్స్-కిరణాల దాకా ఒకే తారను ఒకే క్షణంలో కొలుస్తాయి. అయిదోది తిరిగే వేదికపై నుంచి ఆకాశాన్ని గాలిస్తూ, కొత్తగా వెలిగిన ఎక్స్-కిరణ తారలను గుర్తిస్తుంది.

ఈ ఉపగ్రహం పూర్వచరిత్రలో హైదరాబాద్‌కు చోటుంది. ఎక్స్-కిరణాలను వాతావరణం నేలదాకా రానివ్వదు. అందుకే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు 1960ల చివరి నుంచి భారీ ప్లాస్టిక్ బెలూన్లకు పరికరాలు కట్టి హైదరాబాద్ నుంచి పైకి పంపేవారు. ఈ ఊరు భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. అక్కడ విశ్వకిరణాలను భూమి అయస్కాంత క్షేత్రం గట్టిగా అడ్డుకుంటుంది కాబట్టి, పరికరానికి అక్కరలేని సందడి తగ్గుతుంది. ఆస్ట్రోశాట్ కక్ష్యను భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలులోనే ఉంచడం వెనుకా ఇలాంటి ఆలోచనే ఉంది. దక్షిణ అట్లాంటిక్ మీద ఆవేశిత కణాలు దట్టంగా ఉండే ప్రాంతం అంచులను మాత్రమే అది తాకి వెళ్తుంది.

బెలూన్లు కొన్ని గంటలే నిలుస్తాయి. అవి చేరే ఎత్తుకు శక్తి ఎక్కువున్న ఎక్స్-కిరణాలే వస్తాయి. 1975లో సోవియట్ రాకెట్‌పై వెళ్లిన ఆర్యభట ఉపగ్రహంలో ఎక్స్-కిరణ పరికరం ఉన్నా, కొద్ది రోజులకే విద్యుత్ సరఫరా దెబ్బతింది. 1996లో ఐఆర్ఎస్-పీ3 ఉపగ్రహంలో పెట్టిన చిన్న ఎక్స్-కిరణ పరికరాలు మాత్రం చక్కగా పనిచేసి, కృష్ణబిలాలున్న జంట తారల ఎగుడుదిగుడులను కొలిచాయి. ఆ ధీమాతోనే పెద్ద ఉపగ్రహం ఆలోచన బలపడింది. 2004లో ప్రభుత్వ అనుమతి వచ్చింది. అక్కడి నుంచి ప్రయోగానికి పదకొండేళ్లు పట్టింది. ఆలస్యమే, కానీ అకారణం కాదు. ఇలాంటి టెలిస్కోపులు దేశంలో అంతకుముందు ఎవరూ చేసి ఉండలేదు.

ఎక్స్-కిరణాల అద్దం సంగతే చూడవచ్చు. మామూలు అద్దానికి ఎదురుగా తగిలితే ఎక్స్-కిరణం వెనక్కి మళ్లదు. ఉపరితలాన్ని ఒరుసుకుంటూ వెళ్తేనే కాస్త వంగి ప్రతిఫలిస్తుంది. అందుకని బంగారు పూత పూసిన పలుచని రేకులను శంకువుల ఆకారంలో, ఒకదానిలో ఒకటి ఇమిడేలా 40 పొరలుగా అమర్చారు. ఆ కిరణాలను అందుకునే సీసీడీ కెమెరా బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. దీన్ని సున్నాకు దిగువన 80 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంచాలి.

అతినీలలోహిత టెలిస్కోపును బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ నేతృత్వంలో నిర్మించారు. దాని డిటెక్టర్లు కెనడా అంతరిక్ష సంస్థ ఇచ్చినవి. అవి ఒక్కొక్క ఫోటాన్‌నూ విడివిడిగా లెక్కిస్తాయి. ఉపగ్రహం ఎంత స్థిరంగా ఉన్నా సన్నగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుకు చిత్రం అలుక్కుపోవాలి. అలా జరగకుండా, డిటెక్టర్ సెకనుకు దాదాపు 29 ఫ్రేముల చొప్పున ఫోటాన్లు ఎక్కడెక్కడ పడ్డాయో నమోదు చేస్తుంది. పక్కనే ఉన్న దృశ్యకాంతి కెమెరా తారల కదలికను గమనిస్తూ ఊపు ఎంతో చెబుతుంది. ఆ లెక్కతో ఒక్కో ఫోటాన్‌ను దాని అసలు చోటికి జరిపి, నేల మీద కంప్యూటర్లు చిత్రాన్ని కూర్చుతాయి. ఇంత నిశితమైన టెలిస్కోపుకు ఉపగ్రహం పదార్థాల నుంచి వెలువడే ఆవిరులు అద్దం మీద పేరుకోవడమే పెద్ద ముప్పు. అందుకే ప్రయోగం తర్వాత రెండు నెలలు తలుపులు మూసే ఉంచి, 2015 నవంబరు 30న తెరిచారు.

మొదటి ఫలితం అంతకుముందే, సీజడ్‌టీఐ నుంచి వచ్చింది. కాడ్మియం, జింక్, టెలూరియం కలిసిన అర్ధవాహకంతో చేసిన 64 పలకలు, వాటిలో మొత్తం 16,384 పిక్సెళ్లు ఉన్న అధికశక్తి ఎక్స్-కిరణాల పరికరం ఇది. అక్టోబరు 6న దీన్ని ఆన్ చేసిన రోజే ఒక గామా కిరణ విస్ఫోటం నమోదైంది. విస్ఫోటం జరిగిన దిక్కుకు పరికరం గురిపెట్టి లేదు. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన కిరణాలు దాని గోడల గుండానే లోపలికి వచ్చేస్తాయి కాబట్టి, ఏ తారను చూస్తున్నా భూమి అడ్డు లేని ఆకాశంలోని విస్ఫోటాలన్నీ దాని చెవిన పడతాయి. తర్వాతి ఏళ్లలో ఇలా పట్టుకున్నవి 600 దాటాయి.

ఈ గుణం ఒక చిక్కుముడిని విప్పింది. 2017 జనవరి 4న రెండు కృష్ణబిలాల కలయిక నుంచి వచ్చిన గురుత్వ తరంగాలను అమెరికాలోని లైగో వేధశాల పసిగట్టింది. అవి వచ్చిన ఆకాశ ప్రాంతాన్ని గాలించిన అట్లాస్ టెలిస్కోపుకు వేగంగా మసకబారుతున్న ఒక వెలుగు కనిపించింది. కృష్ణబిలాల కలయిక నుంచి కాంతి వచ్చిందంటే అది సంచలనమే. లైగో సంకేతం వేళకు ఆ దిక్కున సీజడ్‌టీఐకి ఏమీ కనబడలేదు. సుమారు 21 గంటల తర్వాత మాత్రం వేరే గామా కిరణ విస్ఫోటం ఒకటి నమోదైంది. మసకబారుతున్న వెలుగు ఆ విస్ఫోటం మిగిల్చినదేనని, గురుత్వ తరంగాలతో దానికి పొత్తు లేదని వరుణ్ భలేరావు బృందం తేల్చింది. కాదని తేల్చిన ఈ ఫలితం విలువ తక్కువేమీ కాదు. అది లేకపోతే ఒక తప్పుడు ఆనవాలు చుట్టూ సిద్ధాంతాలు అల్లుకునేవి.

అదే పరికరం కర్కాటక నిహారికలోని పల్సార్ (తిరుగుతూ మెరిసే తార) ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కూడా కొలిచింది. ఎక్స్-కిరణ ఫోటాన్ ఒక పిక్సెల్‌ను తాకి పక్క పిక్సెల్‌లోకి చెదిరినప్పుడు, ఏ పక్కకు ఎక్కువగా చెదురుతున్నాయో లెక్కిస్తే కిరణాల కంపన దిశ తెలుస్తుంది. ఈ పల్సార్ సెకనుకు 30 సార్లు తిరుగుతుంది. పద్దెనిమిది నెలల్లో 21 సార్లు గమనించి కూడగట్టిన సమాచారం ప్రకారం, ఒక్కో భ్రమణంలోనే ధ్రువణం మారుతోంది. పల్సార్ మెరుపు లేని విరామంలో అది ఎక్కువగా ఉంది. ఆ వేళ పల్సార్ నుంచి ఏమీ రాకూడదని భావించే సిద్ధాంతాలకు ఇది మింగుడుపడలేదు.

అతినీలలోహిత టెలిస్కోపు తొలుత చూసిన వాటిలో ఎన్‌జీసీ 188 అనే ముసలి తారాగుచ్ఛం ఒకటి. అలాంటి గుచ్ఛంలో వేడి నీలి తారలు ఎప్పుడో కరిగిపోయి ఉండాలి. కొన్ని మాత్రం వయసు మీద పడనట్టు వెలుగుతుంటాయి. వాటిలో ఒకదాని పక్కన మిక్కిలి వేడి తోడుతార ఉన్నట్టు 2016లో అన్నపూర్ణి సుబ్రమణ్యం బృందం కనిపెట్టింది. ఆ తోడు నుంచి పదార్థాన్ని లాక్కునే నీలి తార యౌవనం తెచ్చుకుందన్నమాట. సీతాకోకచిలుక నిహారికగా పేరున్న ఎన్‌జీసీ 6302 నుంచి అతినీలలోహిత కాంతి రెండు పక్కలా రెక్కల్లా పరచుకుందని, బహుశా చల్లని హైడ్రోజన్ అణువుల నుంచి వచ్చే ఆ వెలుగు కంటికి కనిపించే నిహారికకు మూడింతలని ఎన్. కామేశ్వరరావు బృందం చూపింది.

అన్నిటికన్నా దూరపు ఫలితం 2020 ఆగస్టులో వెలువడింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఏయూడీఎఫ్‌ఎస్01 అనే గెలాక్సీ నుంచి, హైడ్రోజన్‌ను అయనీకరించగల అతినీలలోహిత కాంతి బయటికి వస్తోందని పుణెలోని అయుకా పరిశోధన సంస్థకు చెందిన కనక్ సాహా బృందం ప్రకటించింది. ఇలాంటి కాంతిలో అధికభాగాన్ని గెలాక్సీలోని వాయువే మింగేస్తుంది. విశ్వం తొలినాళ్లలో పరచుకున్న హైడ్రోజన్ పొగమంచును చీల్చింది ఏ వెలుగో తెలుసుకోవాలంటే ఇలా తప్పించుకు వచ్చే కాంతే ఆధారం. 2016 అక్టోబరులో 28 గంటలకు పైగా సాగిన పరిశీలన అది. ఆ కాంతి నిజమేనని రూఢి చేసుకోవడానికి దాదాపు రెండేళ్ల విశ్లేషణ పట్టింది. హబుల్ అదే చోటును ఎంతో లోతుగా చూసినా, దాని డిటెక్టర్ల సందడిలో ఇంత మసక సంకేతం మునిగిపోయింది. ఆస్ట్రోశాట్ డిటెక్టర్ల నేపథ్య సందడి చాలా తక్కువ.

యంత్రానికి వయసు భారం తప్పలేదు. 2018 మార్చిలో సమీప అతినీలలోహిత మార్గం ఆగిపోయింది. జెనాన్ వాయువుతో పనిచేసే మూడు ఎక్స్-కిరణ గణకాల్లో ఒకటి లీకై అదే ఏడాది మూతపడగా, మరొకటి కొలతల్లో తేడా చూపసాగింది. మిగిలినవాటితోనే పని సాగింది. అయిదేళ్లకని తయారుచేసిన ఉపగ్రహం 2025 సెప్టెంబరులో పదేళ్లు పూర్తిచేసింది. 2018 సెప్టెంబరు నుంచి దాని సమాచారం అందరికీ అందుబాటులో ఉంది. పరిశీలన సమయం కోసం విదేశీ ఖగోళవేత్తలూ దరఖాస్తు చేసుకోవచ్చు.

ధ్రువణ కొలతల బాటలో ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే వెళ్లింది. రామన్ పరిశోధన సంస్థ తయారుచేసిన దాని ప్రధాన పరికరం 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ధ్రువణాన్ని కొలుస్తుంది. ఆస్ట్రోశాట్ 100కు పైన కొలిచిన తారలనే ఇప్పుడు తక్కువ శక్తి వద్ద కూడా పరీక్షించవచ్చు. మీటరు వ్యాసం గల అద్దంతో ఇన్సిస్ట్ అనే అతినీలలోహిత టెలిస్కోపు, గామా కిరణ విస్ఫోటాల కోసం దక్ష అనే జంట ఉపగ్రహాలు ప్రతిపాదనల దశలో ఉన్నాయి.