నగర నడిబొడ్డులో మన వాటా ఎంత?

నగరం నడిబొడ్డును బాగుచేస్తామని ప్రభుత్వం ప్రకటిస్తే కాదనేవారు ఉండరు. వెడల్పయిన రోడ్లు, పారే మురుగుకాలువలు, వెలిగే దీపాలు అందరికీ కావలసినవే. అయితే ఖర్చయ్యేది ప్రజల సొమ్ము అయినప్పుడు, దానివల్ల పెరిగే విలువ ఎవరి చేతికి చేరుతోందో అడిగే హక్కు కూడా ప్రజలదే. కులాన్ని పక్కనపెట్టి ఆ లెక్క తేల్చలేమని నేను భావిస్తున్నాను. అందుకు కాకినాడ తగిన ఉదాహరణ.

2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలు దాటిన ఈ నగరాన్ని 2016 జనవరిలో కేంద్రం స్మార్ట్ సిటీల తొలి జాబితాలోని ఇరవైలో ఒకటిగా ఎంపిక చేసింది. నగరానికి కేంద్రం వాటా అయిదేళ్లలో రూ.500 కోట్లు, అంతే మొత్తాన్ని రాష్ట్రం, స్థానిక సంస్థ సమకూర్చాలి. పథకం కింద ఉన్న ప్రాంతాన్ని మెరుగుపరచాలంటే 500 ఎకరాలకు పైగా, కూల్చి కొత్తగా కట్టాలంటే 50 ఎకరాలకు పైగా ఎంచుకోవాలి. 500 ఎకరాలంటే రెండు చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఊరందరి పేరిట వచ్చే నిధిలో పెద్ద భాగం ఊరిలో ఒక ముక్కకు చేరే ఏర్పాటు ఇది.

ఆ ముక్కను ఎంచేది, పనులను నిర్ణయించేది ఎవరు? 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 243టి అధికరణ పురపాలక సంఘాల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో స్థానాలను, మహిళలకు మూడో వంతు స్థానాలను కేటాయించింది. స్మార్ట్ సిటీ పనులను మాత్రం కంపెనీల చట్టం కింద ఏర్పడిన ప్రత్యేక సంస్థకు అప్పగించారు. అందులో రాష్ట్రానికి, నగరపాలక సంస్థకు సమాన వాటాలు. ఈ పనులకు సంబంధించి కౌన్సిల్ హక్కులను ఆ సంస్థకు బదలాయించాలన్నది మార్గదర్శకాల సారం. దాని డైరెక్టర్ల బోర్డుకు 243టి వర్తించదు. వార్డు నుంచి గెలిచిన దళిత మహిళ తన వీధి కాలువ గురించి కౌన్సిల్లో నిలదీయగలదు. వందల కోట్ల పనులను ఖరారు చేసే బల్ల దగ్గర ఆమెకు హక్కుగా కుర్చీ లేదు. కాకినాడలోనైతే ఎంపిక నాటికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. ఎన్నికలు 2017 ఆగస్టులో జరిగాయి.

ఇక విలువ సంగతి. మన పట్టణాల ప్రధాన వీధుల్లో కొట్లు, మేడలు తరతరాలుగా ఆస్తి కూడబెట్టుకునే వీలున్న కులాల చేతుల్లోనే ఎక్కువగా ఉన్నాయి. రోడ్డు మెరుగుపడగానే వారి అద్దెలు, స్థలాల ధరలు పెరుగుతాయి. తెల్లవారకముందే ఆ రోడ్డును ఊడ్చే కార్మికురాలికి, దాని అంచున చెప్పులు కుట్టే మనిషికి, తోపుడు బండి యజమానికి దక్కేదేమిటి? 2014 నాటి వీధి వర్తకుల చట్టం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించరాదంటుంది. పట్టణ విక్రయ కమిటీలో వర్తకులు 40 శాతానికి తగ్గకూడదనీ, వారిలో ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలనీ చెబుతుంది. బండి నిలిపే చోటును నిర్ణయించే కమిటీకి సామాజిక న్యాయం అవసరమైనప్పుడు, వీధినే మార్చివేసే బోర్డుకు ఎందుకు అక్కరలేదు?

ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక ఉంది కదా అని కొందరు అంటారు. ఆ 2013 చట్టంలోనే ఒక సందు ఉంది. ప్రయోజనాన్ని విడదీయలేని మౌలిక వసతుల పనుల్లో ఖర్చులో కొంత భాగాన్ని దళిత, గిరిజనులకు చేరినట్టుగా భావించి రాసుకోవచ్చు. అలా పద్దు నిండుతుంది, పేట మాత్రం మారదు.

స్మార్ట్ సిటీ మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. కానీ చర్చ ముగియలేదు. నగరాల పునరభివృద్ధి కోసం 2025-26 కేంద్ర బడ్జెట్ లక్ష కోట్ల రూపాయల అర్బన్ చాలెంజ్ ఫండ్‌ను ప్రకటించింది. అందులో కేంద్రం ఇచ్చేది పనుల వ్యయంలో 25 శాతం వరకే. కనీసం సగం బాండ్లు, బ్యాంకు రుణాలు, ప్రైవేటు భాగస్వామ్యాల నుంచి రావాలి. అప్పు తీర్చాలంటే ఆ పని ఆదాయం తేవాలి. ఆదాయం రావాలంటే ఎక్కువ అద్దె చెల్లించగలవారికే చోటు దక్కుతుంది. అద్దె కట్టలేనివారు ముందుగా అంచుకు, ఆపైన ఊరి బయటకు జరగాలి. వెలివాడలు ఊరి చివర ఎలా పుట్టాయో ఎరిగిన సమాజానికి ఇది కొత్త కథ కాదు.

కాబట్టి రూపాయి విడుదలయ్యే ముందే మూడు షరతులు ఉండాలి. పునరభివృద్ధి సంస్థల బోర్డుల్లో 243టి స్ఫూర్తితో ప్రాతినిధ్యం కల్పించాలి. వీధి వర్తకుల సర్వే, స్థలాల కేటాయింపు పూర్తయ్యాకే పనులు మొదలుపెట్టాలి. ప్రజాధనం వల్ల పెరిగిన స్థలాల విలువలో కొంత భాగాన్ని అభివృద్ధి రుసుముగా రాబట్టి, దళిత పేటల నీటికి, మురుగు పారుదలకు ఖర్చు చేయాలి. విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు తమ నగరపాలక సంస్థ ముందు ఈ షరతులను ఇప్పుడే పెట్టాలి. టెండర్లు పిలిచాక అడిగితే మిగిలేది వినతిపత్రమే.