నర్సుల సంఘం కమిటీ పని – రోగికి ఏమి మేలు?

మన ఇళ్లలో ‘సంఘం’ అనగానే ఆదివారం ఆరాధనకు కూడుకునే సంఘమే గుర్తుకు వస్తుంది. దానికి పెద్దలు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారనీ, ఆ పనికి జీతం ఉండదనీ మీకు తెలిసిందే. నర్సులకు కూడా అటువంటి సంఘం ఒకటి ఉంది. దాని కమిటీలో కూర్చునేవారికీ జీతం లేదు. డ్యూటీ దిగాక, సెలవు రోజున, సొంత బస్సు ఛార్జీలు పెట్టుకుని చేసే పని అది. “ఆసుపత్రి పని, ఇంటి పని చాలవా? మళ్లీ ఈ మీటింగులు ఎందుకు?” అని నర్సుల ఇళ్లలో అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సంఘం ఎలా పుట్టింది?

1905లో లక్నోలో కొద్దిమంది నర్సింగ్ సూపరింటెండెంట్లు ఒక సంఘంగా ఏర్పడ్డారు. వారు విదేశాల నుండి వచ్చి మన దేశపు ఆసుపత్రులలో పనిచేస్తున్నవారు. 1908లో శిక్షణ పొందిన నర్సులందరి కోసం ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అంటే టి.ఎన్.ఎ.ఐ., ఏర్పడింది. 1910లో సొంత పత్రిక మొదలుపెట్టారు. 1912లో అంతర్జాతీయ నర్సుల మండలిలో సభ్యత్వం వచ్చింది. 1922లో ఈ రెండు సంఘాలూ ఒకటయ్యాయి. 1929లో విద్యార్థి నర్సులకు ప్రత్యేక సంఘం ఏర్పడింది. ఇప్పుడు కేంద్ర కార్యాలయం ఢిల్లీలో ఉంది, రాష్ట్రాలలో శాఖలు ఉన్నాయి.

కౌన్సిల్ వేరు, సంఘం వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. నర్సింగ్ కౌన్సిల్ చట్టం ప్రకారం ఏర్పడినది. అక్కడ పేరు నమోదు కానిదే నర్సుగా పనిచేయడానికి వీలులేదు. సంఘంలో చేరడం మాత్రం ఎవరి ఇష్టం వారిది. కౌన్సిల్ నర్సుకు నియమం చెబుతుంది. నర్సు బాధను పై వారికి చెప్పేది సంఘం.

ఒక అర్జీ ఎంత దూరం వెళ్లింది?

మన పలాస, టెక్కలి, సోంపేట వైపు నుండి ఎందరో ఆడపిల్లలు నర్సింగ్ చదివి విశాఖపట్నం, హైదరాబాదు వెళ్తున్నారు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులలో జీతం చాలా తక్కువ, డ్యూటీ గంటలు ఎక్కువ. దూరపు ఊరిలో హాస్టల్లో ఉండే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒంటరిగా అడగగలదా? అడిగితే ఉద్యోగమే పోతుందని భయం.

ఆ పిల్లల తరఫున టి.ఎన్.ఎ.ఐ. 2011లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. 2016 జనవరి 29న కోర్టు, ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలు, పని పరిస్థితులు పరిశీలించడానికి నిపుణుల కమిటీ వేయమని కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. ఆ కమిటీ చేసిన సిఫారసులు ఇవి:

• 50 పడకల లోపు ఆసుపత్రిలో నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు.
• 50 పడకలు దాటితే, ప్రభుత్వ నర్సు జీతం కంటే 25 శాతానికి మించి తక్కువ ఉండకూడదు.
• 100 పడకలు దాటితే, 10 శాతానికి మించి తక్కువ ఉండకూడదు.
• 200 పడకలు దాటితే, ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి.

ఇవి సిఫారసులే. అమలు చేయవలసింది రాష్ట్రాలు. చిన్న మిషన్ ఆసుపత్రులకు ఈ లెక్క భారమే, అది దాచవలసిన మాట కాదు. అయినా ఇప్పుడు అడగడానికి చేతిలో ఒక అంకె ఉంది. అర్జీ వేసిన నాటి నుండి కోర్టు మాట రావడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. అన్నాళ్లు ఒక పనిని వదలకుండా పట్టుకోవడం ఒంటరి మనిషికి సాధ్యం కాదు. కమిటీలో ఒకరు దిగిపోతే మరొకరు అందుకుంటారు.

మన ఉద్దానానికి ఏమిటి?

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. భవనం, యంత్రం వచ్చినా, డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ రోగి పక్కన ఉండేది నర్సే. బి.పి. పడిపోతున్నదని ముందు కనిపెట్టేది, చేతి ఫిస్టులాను కాపాడేది, “నొప్పి మాత్రలు మీకు మీరే కొని మింగవద్దు” అని పదిసార్లు చెప్పేది ఆమే. ఒక నర్సుకు ఎందరు రోగులను అప్పగిస్తున్నారు, ఆమెకు కొత్త శిక్షణ ఇస్తున్నారా అన్నది రోగి ప్రాణానికి సంబంధించిన విషయం. వార్డులో కనబడిన ఇబ్బందిని తీర్మానంగా రాసి రాష్ట్ర శాఖకు పంపడం, శిక్షణ తరగతి ఏర్పాటు చేయడం కమిటీ చేయగల పనులు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని దాటినప్పుడు కరెంటు పోయింది, చెట్లు కూలి దారులు మూసుకున్నాయి. అటువంటి వేళ ఏ ఊరిలో ఏ నర్సు ఉందో తెలిపే సభ్యుల జాబితా సిద్ధంగా ఉంటే ఎంత మేలో ఆలోచించండి. ఆ జాబితాను ఏటా సరిచూసేది కార్యదర్శే.

కమిటీలో పని ఎలా ఉంటుంది?

గొప్పగా ఏమీ ఉండదు. మీటింగు మినిట్స్ రాయాలి. చందాకు రసీదు ఇవ్వాలి. లెక్కలు ఆడిట్ చేయించి సభలో చదవాలి. ఉత్తరాలు రాయాలి, జవాబు రాకపోతే మళ్లీ రాయాలి. కొన్ని చోట్ల ఏళ్ల తరబడి అవే ముఖాలు కుర్చీలలో ఉంటాయన్న ఫిర్యాదు కూడా ఉంది. దానికి మందు దూరంగా ఉండిపోవడం కాదు, కొత్తవారు నిలబడడం. చిన్న వయసు సిస్టర్లకు నా సలహా: మొదటి ఏడాది మినిట్స్ రాసే పని అడిగి తీసుకోండి. పని ఎలా జరుగుతుందో దానితో తెలిసిపోతుంది.

కుటుంబాలకు ఒక మనవి

మీ ఇంటి కోడలో కూతురో నర్సు అయితే, మూడు నెలలకో ఆదివారం మధ్యాహ్నం ఆమెను మీటింగుకు వెళ్లనివ్వండి. ఆ పూట పిల్లలను మీరు చూసుకోండి, వంట మీరు చేయండి. నర్సింగ్ చదువుతున్న పిల్లలు ఉంటే, విద్యార్థి సంఘంలో చేరారా అని అడగండి. వార్డులో మీకు కనబడిన లోటును కోపంతో కాక వివరంగా మాకు చెప్పండి. తేదీ, సమయం, జరిగినది రాసి ఇస్తే ఇంకా మంచిది. అది మా తీర్మానంలోకి వస్తుంది.